తొమ్మిదో ఇత్తడి కాలు

పోయిన వారం నోలీన్‌ని పక్కగదిలో, కంప్యూటర్ ముందు నిలబెట్టి వదిలేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. కోపం కూడా అలాగే ఉంది, పైపెచ్చు కాస్త ముదిరింది.

కంప్యూటర్ క్యాబినెట్ వెనక రేకుకి ఎర్ర తాళం. తాళానికి ఎర్ర ట్యాగు. ట్యాగు మీద మామగారి పేరు, క్లారీ ట్రెజైజ్ అని, ఆదివారం తేదీ వేసి, కింద పెద్ద అక్షరాలతో ‘ప్రమాదం, ముట్టుకోవద్దు’ అని. విడిభాగాలు ఒక్కొక్కటే తెప్పించి ఈ కంప్యూటర్‌ని సొంత చేతులతో బిగించింది క్లారీయే. గనిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయన బిగించిన ఆ ఘనకార్యం మూడు వారాల్లో పదకొండుసార్లు ఉన్నట్టుండి చచ్చిపోయింది. ముందు హెచ్చరికంటూ ఏమీ ఉండదు. తెర నల్లబడుతుంది, ఫ్యాన్లు ఆగుతాయి, కాసేపటికి ఏమీ ఎరగనట్టు దానంతటదే మొదలవుతుంది. షాపువాణ్ణి పిలిచి విప్పిస్తానని ఆదివారం నోలీన్ నోరు జారింది. అంతే, ముసలాయన తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకుని, “లోపం మెషీన్‌లో లేదమ్మాయ్, ముట్టుకునే చేతుల్లో ఉంది” అని చక్కా పోయాడు.

ఈ రోజు సోమవారం. సాయంత్రం ఆరింటికి నోలీన్‌కి పని ఉంది. సిడ్నీలో ఒక కౌన్సిల్ మీటింగ్ జరుగుతుంది. అక్కడ ఎవరేం మాట్లాడినా ఆ మాటలు అదే క్షణంలో తెర కింద అక్షరాలుగా పడాలి. వెయ్యి కిలోమీటర్ల అవతల, మా గనుల ఊరు బ్రోకెన్ హిల్‌లో కూర్చుని, స్టెనో మెషీన్ మీద వాటిని రాసేది నోలీన్. ఆ కౌన్సిల్‌లో ఎల్స్‌పెత్ మంక్ అనే సభ్యురాలికి బొత్తిగా వినపడదు. ఆవిడ నోలీన్ రాసింది చదివే వాదిస్తుంది, ఓటేస్తుంది. ఇప్పటికి రెండు మీటింగుల్లో కంప్యూటర్ చచ్చి, ఆవిడ ఖాళీ తెర చూస్తూ కూర్చుంది. ఈ పని ఇప్పించే ఏజెన్సీలో నోలీన్ పైఅధికారి రొవీనా మెత్తగానే చెప్పింది, “మూడోసారి అక్షరాలు ఆగితే ఇక మన దారులు వేరు” అని. వేరే కంప్యూటర్ వాడదామంటే కుదరదు. ఏజెన్సీవాళ్ళు పరీక్షించి ఒప్పుకున్నది ఈ ఒక్కదాన్నే.

భర్త బ్రెట్ ఈస్ట్ లోడ్ గనిలో పగటి షిఫ్టులో ఉన్నాడు. పొద్దున వెళ్ళేటప్పుడు అడిగితే, “నాన్నకీ నీకూ మధ్య నన్ను పెట్టకు, నేను నలిగిపోతాను” అని బూట్లు వేసుకున్నాడు. మంచివాడే. మంచివాళ్ళు ఇలాంటప్పుడు ఎందుకూ పనికిరారు.

మూడు గంటలకి, నలభై మూడు డిగ్రీల ఎండలో, టోపీ కూడా లేకుండా నోలీన్ వుల్ఫ్రమ్ వీధిలో మామగారింటికి నడిచింది. కార్లో వెళ్ళచ్చు. కానీ ఆ కోపానికి నడకే సరిపోయింది.

పెరట్లో షెడ్డు తలుపు తీసే ఉంది. క్లారీ బల్ల ముందు కూర్చుని ఎవరిదో టోస్టర్ విప్పుతున్నాడు. తలెత్తలేదు.

“తాళంచెవి కావాలి,” అంది నోలీన్.

“హలో లేదు, ఎలా ఉన్నావని లేదు. సరాసరి తాళంచెవి.”

“ఆరింటికి మీటింగ్ ఉంది క్లారీ. పలకరింపులు రేపు చేసుకుందాం.”

“టైపింగే కదా. కాయితం మీద రాసి పోస్టులో పడెయ్.”

నాలుగేళ్ళు చదివి, నిమిషానికి రెండు వందల ఇరవై మాటలు రాయడం నేర్చుకున్న మనిషిని పట్టుకుని ఈ మాట అనడం ఆయనకిది మొదటిసారి కాదు. పెళ్ళినాటి నుంచీ అంటూనే ఉన్నాడు. నోలీన్ చెవులు ఎర్రబడ్డాయి.

“టైపింగ్ అని ఇంకోసారి అన్నావంటే ఆ టోస్టర్ తీసి నీ నెత్తినేస్తాను.”

“వెయ్. అదీ పాడయ్యిందే,” అని క్లారీ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, పై జేబులోంచి నోట్‌బుక్ తీశాడు. మైన్లో రోజూ రాసే అలవాటు ఆయనకి ఇంకా పోలేదు. “కూర్చో. వినే ఓపికుంటే చెప్తా. లేదంటే ఆ తలుపు అటుంది.”

నోలీన్ కూర్చోలేదు. ఆయన కళ్ళద్దాలు ముక్కు చివరికి దించి చదవడం మొదలుపెట్టాడు.

“ర్యామ్ రెండు కడ్డీలు. ఒకటి తీసి నడిపా, చచ్చింది. అది పెట్టి రెండోది తీసి నడిపా, చచ్చింది. రెండింటికీ కలిపి పద్నాలుగు గంటలు మెమరీ పరీక్ష పెట్టా. ఒక్క తప్పు రాలేదు. ప్రాసెసర్ మీద పేస్టు తుడిచి కొత్తది పూశా. వేడి అరవై దాటలేదు. పవర్ సప్లై మార్చా. సాయంత్రాలు ఊరంతా కూలర్లేస్తే కరెంటు దిగిపోతోందేమోనని యూపీఎస్ పెట్టా. అయినా చచ్చింది. అప్పుడేం చేశా? మొత్తం విప్పి తెచ్చి ఇదిగో, ఈ బల్ల మీద, ఈ చెక్క మీద పరిచి నాలుగు రోజులు నడిపా. నాలుగు రోజులమ్మాయ్! కన్నార్పలేదు. మళ్ళీ బిగించి మీ ఇంటికి తెచ్చా. ఆ సాయంత్రమే చచ్చింది.” నోట్‌బుక్ మూశాడు. “నా దగ్గర బతుకుద్ది. నీ దగ్గర చస్తది. తేడా ఏంటో నువ్వే చెప్పు.”

“నేనేం చేస్తాను దాన్ని? కొరుకుతానా?”

“మోకాలితో తంతావో, టీ ఒలకబోస్తావో, నాకేం తెలుసు? అసలిది చెడితే నీకే కదా మంచిది. ఈ ఊళ్ళో పని లేదు, అడిలైడ్ పోదాం అని మావాణ్ణి లాక్కుపోవచ్చు. పెళ్ళైన కాడ్నించీ నీ చూపంతా అటే.”

ఇదన్నమాట సంగతి. మూడు వారాలుగా ఆయన ర్యామ్ అన్నా, పేస్టు అన్నా, లోపల కుమిలింది ఇదే. నోలీన్‌కి ఒక్క క్షణం జాలి కూడా వేసింది. కానీ ఆ జాలి అట్టే నిలవలేదు.

“నీకు బుర్ర ఉందా అసలు? ఈ పని ఉంటేనే నేనీ ఊళ్ళో ఉండగలను. ఇంట్లో కూర్చుని సిడ్నీ పని చెయ్యగలిగే ఒకే ఒక్క దారి ఇది. ఇవాళ ఇది పోయిందంటే వచ్చే నెలకి అడిలైడ్‌లో ఇల్లు చూస్తాను. నీ కొడుకుని లాక్కుపోయేది నేను కాదు, నీ తాళం!”

“బెదిరిస్తున్నావా?”

“తారీఖు చెప్తున్నాను.”

క్లారీ మొహం బిగుసుకుంది. నోట్‌బుక్ మళ్ళీ తెరిచాడు. వాదనలో ఓడిపోతుంటే లెక్కలు చదవడం ఆయన పద్ధతి. “పదకొండుసార్లు. టైముతో సహా రాసిపెట్టా. మెషీన్ చిట్టాలోంచి దించింది, నా బుర్రలోంచి కాదు. పన్నెండో తేదీ, ఏడూ పదహారు. పదిహేను, ఏడూ పదమూడు. పద్దెనిమిది, పొద్దున పదీ నలభై. మళ్ళా ఏడూ పదిహేను. మొన్న శుక్రవారం ఏడూ పధ్నాలుగు. అన్నిసార్లూ దాని ముందు కూర్చున్నది నువ్వే. కాదను.”

“మళ్ళీ చదువు.”

“ఏంటీ?”

“ఆ చివరిది. శుక్రవారంది.”

“శుక్రవారం, సాయంత్రం ఏడూ పధ్నాలుగు.”

“శుక్రవారం ఏడూ పధ్నాలుక్కి నువ్వెక్కడున్నావు క్లారీ?”

“క్లబ్బులో. శుక్రవారం ఇంకెక్కడుంటా?”

“నేనెక్కడున్నాను?”

“నా ఎదురుగా. మొహం మాడ్చుకుని, ప్లేట్లో స్నిట్జెల్ మాంసాన్ని ఫోర్కుతో పొడుస్తా…” అని క్లారీ ఆగాడు.

“క్లబ్బు లాటరీలో మాంసం ట్రే ఎప్పుడు కొట్టావు?”

ట్రే ఆయనకి ఏడుంబావుకి అటూ ఇటూగా వచ్చింది. స్టేజీ మీద నంబరు పిలిస్తే, వెళ్ళి సాసేజీలు, చాప్‌లు తెచ్చి నోలీన్ ముందే పెట్టాడు. ఆమె ఆరున్నర దాటాక కంప్యూటర్ చచ్చిన చిరాకులో ఇల్లు విడిచి, ఏడింటికల్లా క్లబ్బులో ఉంది. ఊరంతా సాక్షి.

“మరి ఏడూ పధ్నాలుక్కి నేను మోకాలితో ఎలా తన్నాను? క్లబ్బులోంచి కాలు చాపా?”

క్లారీ కాయితం కేసి చూశాడు. తర్వాత గోడ గడియారం కేసి చూశాడు. తర్వాత మళ్ళీ కాయితం కేసి.

“మెషీన్ గడియారం సిడ్నీది,” అంది నోలీన్, ఇప్పుడు నెమ్మదిగా. “నేను మీటింగులకి లేటవ్వకూడదని నువ్వే అలా పెట్టావు. ఆ రోజు పెట్టి నాకు పెద్ద లెక్చర్ కూడా ఇచ్చావు.”

మా ఊరు పేరుకే సిడ్నీ ఉన్న రాష్ట్రం న్యూసౌత్‌వేల్స్‌లో ఉంది. గడియారం మాత్రం అడిలైడ్‌ది. సిడ్నీ కంటే అరగంట వెనక. ఇక్కడ పుట్టినవాడు ఆ అరగంటని ఆలోచించకుండానే కలుపుకుంటాడు, తీసేసుకుంటాడు. బహుశా అందుకేనేమో, మూడు వారాలు ఆ నోట్‌బుక్‌ని రోజూ చదివిన క్లారీకి అది తట్టలేదు.

నోలీన్ బల్ల మీది పెన్సిల్ తీసుకుంది. నోట్‌బుక్ ఆయన చేతిలో ఉండగానే, ఒక్కో టైము పక్కన అరగంట తీసి రాసింది. ఆరూ నలభై ఆరు. ఆరూ నలభై మూడు. ఆరూ నలభై ఐదు. ఆరూ నలభై నాలుగు. పదకొండిట్లో ఏడు అలాగే వచ్చాయి. ఆఖరిది రాసి పెన్సిల్ కింద పెట్టింది. ఆరూ ముప్పావు అంటే ఏమిటో మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. పొద్దునా సాయంత్రం ఆ వేళకి షిఫ్టు బయటికొస్తుంది, కింద గనిలో మందు పెట్టి రాయి పేల్చే బ్లాస్టింగ్ జరుగుతుంది, ఊరంతా ఒక్కసారి కుదుపు తింటుంది. అల్మారాలో కప్పులు గలగలమంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు భూకంపమని బల్ల కిందకి దూరతారు. మేం మాట మధ్యలో కూడా ఆపం. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరో కౌన్సిలర్ గొణుగుడుని పట్టుకునే హడావిడిలో ఉన్న నోలీన్‌కి ఆ కుదుపు ఒక్కరోజు కూడా తెలీలేదు.

“బ్లాస్టింగ్,” అన్నాడు క్లారీ.

“మిగతా నాలుగూ గాలి వేసిన రోజులు. వెనక జాలీ తలుపు దడేల్మన్నప్పుడు. నాకు గుర్తొస్తోంది ఇప్పుడు.”

ఇంకొకరైతే ఇక్కడ తల గోక్కుని నవ్వేసేవాళ్ళు. క్లారీకి అది చేతకాదు. తప్పు పట్టుబడితే ఆయనకి ముందు కోపం వస్తుంది, తర్వాత ఇంకా ఎక్కువ కోపం వస్తుంది, ఆ తర్వాతేమవుతుందో చూసినవాళ్ళు లేరు.

“కుదుపుకి పడిపోద్దా? మైన్లో నేను బిగించిన స్విచ్‌బోర్డులు బ్లాస్టింగ్‌కి ముప్ఫై గజాల్లో ముప్ఫై ఏళ్ళు నిలబడ్డాయి! నా చేతి పని కుదుపుకి పడదు!”

“మరి ఈ బల్ల మీద నాలుగు రోజులు ఎందుకు పడలేదు? ఆ నాలుగు రోజులూ బ్లాస్టింగ్ జరగలేదా? జరిగింది. బల్ల మీద లేనిది ఏంటో చెప్పు. నేను అంటావేమో. నేనొక్కదాన్నే కాదు క్లారీ. డబ్బా కూడా లేదు.”

ఆ డబ్బా, అంటే క్యాబినెట్, బ్రెట్ పదహారేళ్ళప్పుడు వాడింది. తండ్రీకొడుకులు కలిసి బిగించిన మొదటి కంప్యూటర్‌ది. క్లారీ దాన్ని ఇరవై ఏళ్ళు మంచం కింద దాచి, ఈసారి బయటికి తీసి, ఆకుపచ్చ రంగు వేసి, దాంట్లోనే కొత్త మదర్‌బోర్డు పెట్టాడు. కొత్త డబ్బా కొనుక్కుందాం అని నోలీన్ అంటే ఆ రోజు కూడా గొడవే అయింది.

“ఆ డబ్బా జోలికి రాకు,” అన్నాడు.

“దాంట్లో ఏదో బోర్డు వెనక తగుల్తోంది. విప్పి చూస్తే పది నిమిషాల్లో తెలుస్తుంది. ఇవాళ బ్రెట్ వాళ్ళది పెద్ద బ్లాస్టింగ్. వారంరోజులుగా మందు దట్టిస్తున్నారు. ఆరూ ముప్పావుకి నేను మీటింగ్ మధ్యలో ఉంటాను. తాళంచెవి ఇవ్వు.”

“బుధవారం వస్తా. నేనే విప్పుతా. నాకు నమ్మకం కుదిరాక ట్యాగు తీస్తా. ఇవాళ్టికి ఒంట్లో బాలేదని చెప్పు నీ సిడ్నీవాళ్ళకి.”

“అది కూడా ఆగినట్టే లెక్క. ఇవ్వకపోతే కోసేస్తాను.”

క్లారీ లేచాడు. పొడుగాటి మనిషి, షెడ్డు కప్పుకి తల తగులుతుందేమో అనిపిస్తుంది. కుడిచెయ్యి ఎత్తి ఆమె మొహం ముందు పెట్టాడు. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొదలంటా లేవు. అరచెయ్యి సగం నున్నగా, గులాబీ రంగులో, ఏదో కరిగి గట్టిపడినట్టు ఉంటుంది. ఇరవై ఆరేళ్ళ కిందట ఎవడో తొందరలో, పైకొచ్చేశాడులే అనుకుని, ఆయన కరెంటు ఆపి, కింద పని చేస్తూ, స్విచ్చుకి వేసుకున్న తాళం కోసి కరెంటు వేశాడు. ఆయన ఇంకా పైకి రాలేదు.

మా ఊళ్ళో పిల్లలకి నడక వచ్చాక నేర్పే మొదటి సంగతి ఇదే. ఎవడి ట్యాగు వాడే విప్పాలి. ఫ్రిజ్‌లో బీరు సీసాకి సరదాగా కట్టినా సరే, ఇంకొకడు ముట్టడు. మైన్లో ముట్టినవాడికి ఆ రోజుతో ఉద్యోగం సరి. క్లబ్బులో వాడి పక్కన ఎవరూ కూర్చోరు.

“కొయ్యి,” అన్నాడు క్లారీ. “ఆడూ కోశాడు. ఆడికీ చాలా అర్జెంటు పనే. కొయ్యమ్మాయ్. కోశాక మా ఇంటి గుమ్మం తొక్కకు, అంతే.”

నోలీన్‌కి కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. ఆ చెయ్యి ఆమెకి తెలుసు. బ్రెట్ నిద్రలో ఉలిక్కిపడితే ఎందుకో కూడా తెలుసు. ఆ చేతిని తన మీదకి ఆయుధంలా ఎత్తినందుకు ముసలాయన్ని అసహ్యించుకుంది.

“అది గని కాదు క్లారీ. నా గది,” అని వెనక్కి తిరిగింది.

బ్రెట్ సామాన్ల పెట్టెలో పెద్ద కట్టర్ ఉంది. నాలుగుంబావుకి నోలీన్ దాన్ని తాళం కొంకికి పెట్టి, బలమంతా వేసి నొక్కింది. తెగలేదు. రెండోసారి మోకాలు ఆనించి నొక్కింది. టప్‌మని తెగి తాళం నేల మీద పడింది. ట్యాగుని మాత్రం కత్తెరతో కోసి, తీసి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గుగా అనిపించింది. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు.

పక్క రేకు తీసి, క్యాబినెట్‌ని పడుకోబెట్టి, కేబుళ్ళన్నీ ఫోటో తీసుకుని ఒక్కొక్కటే ఊడదీసింది. స్క్రూలు టీ సాసర్లో వేసింది. ఎనిమిది స్క్రూలు. మదర్‌బోర్డుని రెండు చేతులా పట్టి పైకెత్తింది.

బోర్డు రేకుకి తగలకుండా ఎత్తి పట్టడానికి కింద చిన్న చిన్న ఇత్తడి కాళ్ళుంటాయి. బోర్డులో ఎక్కడెక్కడ కన్నాలున్నాయో అక్కడే కాలు ఉండాలి. స్క్రూలు ఎనిమిది, కన్నాలు ఎనిమిది. రేకు మీద కాళ్ళు తొమ్మిది.

తొమ్మిదోది పాత బోర్డుది. ఇరవై ఏళ్ళ కిందట తండ్రీకొడుకులు బిగించిన పెద్ద బోర్డుకి పనికొచ్చింది. కొత్త బోర్డు చిన్నది, అక్కడ కన్నమే లేదు. ఆకుపచ్చ రంగు పూత దాని మీద కూడా పడింది. కానీ కొనమీద మాత్రం రంగు అరిగి ఇత్తడి మెరుస్తోంది. బోర్డు వెనక్కి తిప్పి చూస్తే సరిగ్గా ఆ చోట సన్నటి గీత, గీత చివర ఆవగింజంత నల్లటి మచ్చ. మామూలుగా వెంట్రుకవాసి దూరంలో ఉంటుంది. ఇల్లు కుదుపు తిన్నప్పుడల్లా బోర్డుకి తగిలి షార్టవుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరి గనికి కరెంటు నడిపిన మనిషి, కొడుకు డబ్బా మీద ప్రేమతో లోపలి కాళ్ళు లెక్కపెట్టలేదు.

నోలీన్ పటకారుతో దాన్ని తిప్పి ఊడదీసి జేబులో వేసుకుంది. మళ్ళీ అంతా బిగించేసరికి ఐదూ నలభై. మొదటిసారి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరగలేదు. చచ్చానురా దేవుడా అనుకుంది. చూస్తే ఒక కేబుల్ వదులుగా ఉంది. గట్టిగా నొక్కింది. ఫ్యాన్ తిరిగింది, తెర వెలిగింది. చెమట తుడుచుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకునేటప్పటికి మీటింగ్‌కి నాలుగు నిమిషాలుంది.

రొవీనా తెర మూలన సందేశం పెట్టింది. “ఇవాళ మనం గట్టెక్కాలి నోలీన్.”

“గట్టెక్కుతాం,” అని కొట్టింది.

మీటింగ్ మొదలైంది. కార్ల పార్కింగ్ గురించి ఒకాయన అరగంట మాట్లాడాడు. నోలీన్ వేళ్ళు ఆయన కంటే ఒక్క మాట కూడా వెనకబడలేదు. ఎల్స్‌పెత్ మంక్ తెర చదివి, తల ఎత్తి, ఆయన చెప్పిన లెక్కలో తప్పు పట్టుకుని నిలదీసింది. సభలో నవ్వులు వినపడ్డాయి. నోలీన్‌కి గర్వంగా అనిపించింది. ఆ తప్పు ఆవిడ పట్టుకోగలిగింది తన అక్షరాలు అందాయి కాబట్టే.

గోడ మీద గడియారం ఆరూ నలభై నాలుగు. నోలీన్ పళ్ళు బిగించింది. నలభై ఐదు. నలభై ఆరు. నలభై ఎనిమిది. కప్పులు కదల్లేదు.

యాభై. ఇంకా లేదు. వచ్చినప్పుడు మేం పట్టించుకోం గానీ, రాకపోతే మాత్రం ఆ కుదుపు కోసం ఊళ్ళో ప్రతి ఇల్లూ చెవి పెడుతుంది. నోలీన్ ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ పక్కకి జరిపింది. వేళ్ళు రాస్తూనే ఉన్నాయి. వీధిలో ఎవరిదో కుక్క మొరుగుతోంది. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి గని వైపు చూస్తోంది.

వెనక జాలీ తలుపు దడేల్మంది. కంప్యూటర్ చెక్కు చెదరలేదు. క్లారీ వచ్చాడు. చేతిలో ఫోన్. టోపీ లేదు, ఒక కాలికే చెప్పు ఉంది. బల్ల మీద కోసి పెట్టిన ట్యాగుని చూశాడు. చూసి, ఒక్క మాట అనలేదు. అప్పుడే నోలీన్‌కి భయం వేసింది.

“ల్యాంప్ రూమ్ నించి డస్టీ ఫోన్ చేశాడు,” అన్నాడు. “షిఫ్టు పైకొచ్చింది. బోర్డు మీద ఒక బిళ్ళ తక్కువైంది.”

గనిలోకి వెళ్ళేవాళ్ళు దీపాలు తీసుకునే ఆ గదిని డస్టీ చూసుకుంటాడు. దిగేటప్పుడు ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళని అక్కడి బోర్డు మీంచి తీసుకుని దిగుతాడు. పైకొచ్చాక మళ్ళీ తగిలిస్తాడు. బోర్డు నిండితేనే బ్లాస్టింగ్. ఒక్క బిళ్ళ లేకపోయినా, ఎంత ఆలస్యమైనా, పేల్చరు.

“ఎవరిది?” అంది నోలీన్. కుడి చెవిలో ఎల్స్‌పెత్ మంక్ ఏదో అడుగుతోంది. వేళ్ళు ఆ ప్రశ్నని రాస్తున్నాయి.

“మనోడిది.”

“పేల్చరుగా?”

“పేల్చరు. మనిషి దొరికేదాకా పేల్చరు. నేను పుట్టాక ఒక్కసారీ…” క్లారీ తలుపు చట్రం పట్టుకున్నాడు. “డస్టీ చెప్పాడు, ఆపేశామని. ఇందాకే చెప్పాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు.”

“అయితే నువ్వెళ్ళు. మైన్ దగ్గరికెళ్ళు. నాకీ మీటింగ్ ఇంకో ఇరవై నిమిషాలు…”

నేల కింద నుంచి దెబ్బ తగిలింది. రోజూ వచ్చే కుదుపు కాదు. కిటికీ అద్దం మోగింది, అల్మారాలో కప్పులు ఒకదాని మీద ఒకటి పడి రెండు పగిలాయి, దీపం ఊగింది. గదంతా ఊగుతుంటే బల్ల మీది తెర మాత్రం ఒక్క రెప్ప కూడా వెయ్యకుండా వెలుగుతూనే ఉంది. దాని కింద అక్షరాలు, ఎల్స్‌పెత్ మంక్ ప్రశ్న మధ్యదాకా, స్పష్టంగా, తప్పుల్లేకుండా.

క్లారీ నోరు తెరిచే ఉంది. రెండు వేళ్ళు లేని చెయ్యి తలుపు చట్రం మీద అలాగే ఉండిపోయింది.

సిడ్నీలో ఎల్స్‌పెత్ మంక్ మాట ముగించి, జవాబు కోసం తెర కేసి చూసింది. అవతలాయన జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. తెర మీద కొత్త అక్షరం పడలేదు. పది క్షణాలు గడిచాయి. ఇరవై.

మూలన రొవీనా సందేశం వెలిగింది. “అక్షరాలు ఆగిపోయాయి నోలీన్. మళ్ళీ మెషీనేనా?”

నోలీన్ వేళ్ళు కదలకుండా మీటల మీదే ఉన్నాయి. మెషీన్ నడుస్తూనే ఉంది.